అర క్షణం వెనక

"కోచ్ అంటే మెడలో విజిల్ కూడా వేస్తారా?" అన్నారు మా ఆయన, క్యారేజీ మూత సరిగ్గా బిగిసిందో లేదో చూస్తూ. బిగించింది నేనే. అయినా రోజూ చూస్తారు, చూసి ఇంకో చుట్టు తిప్పుతారు. మా అత్తగారు నవ్వారు. మా అమ్మాయి జడ వేయించుకుంటూ తలెత్తి, వాళ్ళ నాన్న మొహం చూసి, నవ్వింది. నేనూ నవ్వాను. అందరూ నవ్వాక నవ్వాను. నవ్వుతూనే అమ్మాయి జడకి రబ్బరు బ్యాండు వేసి, అత్తగారి మందుబిళ్ళలు చేతిలో పెట్టి, గ్లాసుతో నీళ్ళిచ్చి, నా క్యారేజీలోకి మిగిలిన అన్నం సర్దుకుని, బస్సుకి పరిగెత్తాను.

ఆయన పట్నంలో కాలేజీ లెక్చరరు. నేను పల్లెటూరి బడిలో చిన్న తరగతుల టీచరుని. ఆయన ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు అత్తగారు "మావాడికి ఊపిరాడదమ్మా" అంటారు. నా ఉద్యోగం గురించి "పిల్లల మధ్య కాలక్షేపం" అంటారు. ఆయన రోజుకి మూడు క్లాసులు చెప్పి వచ్చి కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంటారు. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతు చించుకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని పొయ్యి దగ్గర నిలబడతాను. పిల్లలతో గడిపితే అలుపే రాదని మా ఇంట్లో గట్టి నమ్మకం. అలుపు రాదని నేనే ఎప్పుడో ఒకసారి అని ఉంటాను, నోటికి తాళం లేక.

ఈ కోచ్ గొడవ ఏమిటంటే, మా చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో ఆరు చిన్న బడులున్నాయి. ఒక్కో బడికి ఒకరో ఇద్దరో టీచర్లు. ఒక పాఠం బాగా సాగితే చెప్పుకోవడానికి మనిషి ఉండడు, సాగకపోతే అడగడానికి మనిషి ఉండడు. అందుకని పై ఆఫీసరు గారు ఈ ఆరు బడులనీ ఒక జట్టు చేశారు. నెలకోసారి ఒకచోట కలవాలి, ఒకళ్ళ క్లాసులో ఇంకొకళ్ళు వెళ్ళి కూర్చోవాలి, చూసింది మాట్లాడుకోవాలి. కొన్నాళ్ళు పోయాక జట్టులో ఒక టీచరుని కోచ్‌గా ఎంచుకోవాలి. ఆ కోచ్ వారానికి రెండు రోజులు తక్కిన బడులకి వెళ్ళాలి, ఆ రెండు రోజులూ తన క్లాసుకి వేరే టీచరు వస్తారు. వినడానికి బాగానే ఉంది కదా. మాకూ బాగానే ఉంది. బాగున్నదాన్ని ఎలా పాడుచేయాలో మాకెవరూ నేర్పనక్కర్లేదు.

మా బడి ఆరు ఊళ్ళకీ నడుమన ఉంటుంది కాబట్టి మొదటి మీటింగులన్నీ అక్కడే. జట్టులో అప్పటికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. "టీ సంగతి మేడం చూసుకుంటారు" అన్నారు మా హెడ్మాస్టరు. మంచాయన, ఎప్పుడూ గొంతు పెంచరు. పెంచాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. చదువు బాగుపరచడం మీద వాళ్ళు లోపల మాట్లాడుతుంటే నేను వరండాలో స్టవ్ దగ్గర వినేదాన్ని. టీ మరిగే చప్పుడులో సగం మాటలు పోయేవి. పోయినా నష్టం లేదు, వచ్చే నెల మళ్ళీ అవే మాటలు. క్లాసు చూపించడమన్నా అంతే. ఎవరి బడికి వెళ్తే ఆ బడివాళ్ళు వారం రోజులు పిల్లల చేత బట్టీ పట్టించిన పాఠం చూపించేవారు. గట్టిగా చదివేవాళ్ళు ముందు వరసలో, తక్కినవాళ్ళు వెనక. పాఠం అయ్యాక చప్పట్లు, "అద్భుతం", ఆ తర్వాత బిస్కెట్లు. మా ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే అత్తగారు సోఫా మీద దుప్పటి మార్చి, చిరిగిన దిండ్లు మంచం కిందకి తోయిస్తారు. బడిలో మంచం కింద ఉన్నది పిల్లలు.

ఆ రోజు మీటింగు గుట్ట మీది బడిలో. అక్కడికి కొత్తగా ఒక టీచరు వచ్చింది, చిన్న పిల్ల, ఇంకా కాలేజీ పోకడ పోలేదు. మొదటిసారి అందరి ముందూ పాఠం చెప్పబోతూ చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆడమనిషి ఇంకొకరు వచ్చారు గదా, టీ గ్లాసులు కడగడానికి తోడు దొరుకుతుందనుకున్నాను, కానీ ఆమె పాఠం చెప్పాలి కాబట్టి కడగడం మళ్ళీ నా వంతే అయింది. కడిగి వచ్చేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి. గోడకి ఆనించి ఉన్న చివరి బెంచీ మీద, ఒక మూడో తరగతి పిల్ల పక్కన కాస్త చోటు కనిపిస్తే ఇరుక్కుని కూర్చున్నాను. అందరూ టీచరుని చూస్తున్నారు. నాకు అక్కణ్ణించి టీచరు కనపడదు, ముందు పెద్దమనుషుల వీపులు అడ్డం. అందుకని పక్కనున్న పిల్లని చూశాను.

క్లాసంతా ఒక్క గొంతుతో చదువుతోంది. ఈ పిల్ల కూడా చదువుతోంది. వేలు అక్షరాల మీద నడుస్తోంది, పెదాలు కదులుతున్నాయి, గొంతు వినబడుతోంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. కాసేపయ్యాక ఏదో తేడా అనిపించింది. మాట అందరి నోట్లోనూ సగమయ్యాక ఈ పిల్ల నోట్లో మొదలవుతోంది. అర క్షణం వెనక. కళ్ళు పుస్తకం మీద లేవు, పక్క పిల్ల పెదాల మీద ఉన్నాయి. అంతలో ఆ పక్క పిల్లకి దగ్గు వచ్చి ఆగింది. ఈ పిల్లా ఆగింది, మాట మధ్యలో, నోరు అలాగే తెరిచి. దగ్గు తగ్గి ఆ పిల్ల అందుకోగానే ఈ పిల్లా అందుకుంది. ఈ పిల్లకి ఒక్క అక్షరం రాదు. బళ్ళో చేరిననాటి నుంచీ ఈ గొంతుల గుంపులో నిలబడి, ఎవరికీ అనుమానం రాకుండా చదువుతూనే ఉంది. చదవడం నేర్చుకోవడం కంటే ఇది ఎంత కష్టమైన పనో ఆలోచించండి. రోజంతా ఇంకొకళ్ళ మొహం చూస్తూ బతకడం. పాఠం అయిపోయింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కూడా కొట్టింది, కాస్త ఆలస్యంగా.

తర్వాత అభిప్రాయాలు చెప్పమన్నారు. బోర్డు మీద అక్షరాలు ఇంకా పెద్దగా రాయాలని ఒకాయన, టీచరు గొంతు ఇంకా పెరగాలని ఇంకొకాయన. నేను టీ పళ్ళెం పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాను. "నేనొకటి చూశాను" అన్నాను. పళ్ళెం చేతిలో ఉండగానే చెప్పేశాను. కొత్త టీచరు మొహం పాలిపోయింది. మా హెడ్మాస్టరు వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో మెల్లగా అన్నారు: "అంతమందిలో అలా అనేశారేంటి మేడం? పాపం, చిన్నపిల్ల." నిజమే, పాపమే. కానీ ఆయన అన్న చిన్నపిల్ల టీచరు. నేను ఆలోచిస్తున్న చిన్నపిల్ల వేరు.

ఆ సాయంత్రం నేను కూరలు తరుగుతుంటే ఫోను మోగింది. కొత్త టీచరు. ఏడ్చిన గొంతు. తిడుతుందేమో అనుకున్నాను. "మేడం, మీరు మళ్ళీ రాగలరా? అలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో నాకు భయంగా ఉంది" అంది. సెలవు పెట్టుకుని వెళ్ళాను. మళ్ళీ వెనక బెంచీ మీదే కూర్చున్నాను. ఇద్దరం కలిసి గుంపు చదువు ఆపించి, జంటలుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కళ్ళ దగ్గరా చెవి పెట్టి విన్నాం. ఒక్క పిల్ల కాదు. ఆ తర్వాత ఆమె నా క్లాసుకి వచ్చి కూర్చుంది, నా దగ్గరా ఉన్నారు. నేను సిగ్గుపడేలోపే ఆమె నవ్వేసింది, "అక్కా, మీ దగ్గర కూడానా!" అని. మేడం పోయి అక్క వచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆరు బడుల జట్టు అంటే ఆఫీసరు గారి ఉద్దేశం ఇదే అయి ఉంటుందని. మేం దాన్ని అన్నాళ్ళూ టీతో సరిపెట్టాం.

మరుసటి మీటింగుకి నా క్లాసు చూపించాను, బట్టీ లేకుండా, ఉన్నదున్నట్టు. తీసివేతలు ఘోరంగా నడిచాయి. పిల్లలు పక్కవాళ్ళ పలకల్లోకి తొంగిచూశారు, నేను ఒకచోట నేనే తడబడ్డాను. కానీ మొదటిసారి టీ చల్లారేదాకా ఎవరూ లేవలేదు. అక్కడే ఒక పద్ధతి పెట్టుకున్నాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెనక బెంచీ మీదే కూర్చోవాలి. మాట్లాడకూడదు, సాయం చేయకూడదు. టీచరుని కాదు, ఒక పిల్లనో పిల్లాణ్ణో ఎంచుకుని చూడాలి. అయ్యాక "మీరు ఇలా చేయాల్సింది" అనకూడదు. "నేను చూసింది ఇది" అనే మొదలుపెట్టాలి. పెద్దాళ్ళకి ఇది ఎంత కష్టమో చెప్పలేను. నోరు తెరిస్తే సలహా తప్ప ఇంకేమీ రాదు. ఒకాయన అయితే చూసింది చెప్పమంటే, తన చిన్నప్పటి మాస్టారు ఎంత గొప్పవారో చెప్పడం మొదలుపెట్టాడు. అయినా నెమ్మది నెమ్మదిగా అలవాటయింది. గ్లాసులు ఎవరివి వాళ్ళే కడుక్కోవడం కూడా అలవాటయింది, అది మాత్రం నేను పోట్లాడి సాధించాను.

కోచ్‌ని ఎంచుకునే రోజు దగ్గరికొచ్చేసరికి టీచర్లు నా పేరు అనుకున్నారు. సోమవారం మీటింగులో నేను సరే అనాలి, అంతే. మా హెడ్మాస్టరు పిలిచి కూర్చోమన్నారు. "మీకెందుకమ్మా ఈ తిరుగుళ్ళు? ఇల్లూ వాకిలీ చూసుకోవాల్సినవారు. ఒక పని చేద్దాం. పేరు నాది పెడదాం, పని మీరు చేద్దురుగాని. మీకు భారం ఉండదు." అంత ప్రేమగా అన్నారు, ఒక్క క్షణం నిజంగానే భారం తీసేస్తున్నారేమో అనిపించింది. బయటికొచ్చాక గానీ వెలగలేదు, ఆయన తీసేసింది పేరు ఒక్కటే, భారం నా దగ్గరే ఉంది. ఈ ఏర్పాటు నాకు కొత్త కూడా కాదు. మా ఇంటి గుమ్మం మీదున్న పేరు కూడా మా ఆయనదే.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఆ మాట న్యాయంగా చెప్పాలి. "నేను వద్దంటున్నానా? నీ ఇష్టం. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకుండా చూసుకుని వెళ్ళు" అన్నారు మా ఆయన. ఆ వాక్యాన్ని గిన్నెలు తోముతూ ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. నీ ఇష్టం అన్నది ముందు గది, తలుపు తెరిచే ఉంటుంది. లోపలికి అడుగుపెడితే ఇబ్బంది లేకుండా అన్న గోడ. కోచ్ రోజుల్లో నేను తెల్లవారకముందు మొదటి బస్సుకి వెళ్ళాలి. అప్పుడు పాలు ఎవరు కాస్తారు, అత్తగారి మందులు ఎవరిస్తారు, ఆయన చొక్కా ఎవరు ఇస్త్రీ చేస్తారు, క్యారేజీ ఎవరు కడతారు? ఇవన్నీ ముందురోజే చేసేసి పెట్టి వెళ్ళమని అర్థం. "మొన్న నాకు ఒంట్లో బాగోనప్పుడు నువ్వు సెలవు పెట్టలేదూ, అలాగే ఇదీ మానుకుంటే పోలే" అన్నారు అత్తగారు. నేను "చూద్దాం లెండి" అన్నాను. ఎన్నేళ్ళుగానో నా నోట్లో నానుతున్న మాట అది. చూద్దాం అంటూ నేను చూసేది వాళ్ళ మొహాలే.

శనివారం కొత్త టీచరు ఫోను చేసింది. "అక్కా, హెడ్మాస్టరు గారు కోచ్ అవుతారటగా? ఆయనొస్తే నేను మళ్ళీ పిల్లల చేత బట్టీ పట్టించేస్తానేమో. ఆయన ముందు తప్పు కనబడితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. మీ ముందైతే ధైర్యంగా తప్పు చేస్తాను." మళ్ళీ తనే, "మన పిల్ల ఇవాళ ఒక వాక్యం ఒక్కతే చదివింది. తప్పుగానే చదివింది. కానీ పక్కకి చూడలేదక్కా" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు కూడా తరగడం లేదు అప్పుడు. ఆ పిల్ల ఇంకో ఏడాది పోతే మళ్ళీ గుంపులో కలిసిపోతుంది. ఎవరూ వెనక కూర్చుని చూడకపోతే ఎంత గట్టిగా అరిచినా ఎవరికీ వినపడదు.

ఆదివారం పొద్దున మా ఆయన పేపరు చేతిలో పట్టుకుని, టీ కోసం వంటింటి వైపు చూశారు. నేను స్టూలు తెచ్చి వంటింటి గుమ్మంలో వేశాను.

"మీరు రోజూ వెక్కిరిస్తున్నారుగా, కోచ్ అంటే ఏం చేస్తారని. ఇవాళ మీరు చేసి చూడండి. ఇక్కడ కూర్చోవాలి. మాట్లాడకూడదు, సాయం చేయకూడదు, సలహా ఇవ్వకూడదు. చూడాలి, అంతే."

"సాయం చేయకూడదా?" అని పగలబడి నవ్వారు. "అదైతే నాకు చాలా అనుభవం ఉంది."

అంత తెలిసీ నవ్వగలిగారని నాకు మండింది. అయినా బయటపడలేదు. కూర్చున్నారు. అత్తగారు గుమ్మం పక్కన కుర్చీలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఏంటర్రా ఈ ఆటలు పొద్దున్నే" అన్నారు. నేను పొయ్యి వెలిగించాను. ఒక పొయ్యి మీద పాలు, ఒక పొయ్యి మీద అన్నం. కూర తాలింపు వేశాను, మొన్నటి మాసిన బట్టలు నానబెట్టి వచ్చాను, అమ్మాయిని లేపి వచ్చాను, టీ కలిపాను. ఆయన చెయ్యి ఫోను మీదకి వెళ్ళింది. "ఫోను కూడా కూడదు" అన్నాను. చెయ్యి వెనక్కి వెళ్ళింది. కాసేపటికి "ఏయ్, ఏయ్, స్టవ్, స్టవ్!" అని అరిచారు. నేను అందుకునేసరికి పాలు పొంగి పొయ్యి నిండా పారాయి.

గుడ్డతో తుడిచాను. టీ ఇచ్చాను. "అయింది. ఇప్పుడు చెప్పండి. ఏం చూశారు?"

"పాలు పొంగబెట్టావు" అన్నారు వెంటనే. "ఉప్పు డబ్బా మూత తెరిచే వదిలేశావు. కూర కొంచెం ముందే దించాల్సింది."

"అవి నా తప్పులు. మీరు చూసింది చెప్పండి."

"అదేగా చెప్పింది!" కాస్త చిరాకు వచ్చింది ఆయనకి. "చూడ్డానికేముంది? వంట చేశావు. రోజూ చేసేదేగా."

నాకు కోపం రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఎందుకు చూడలేదా అని బాధపడేదాన్ని. ఆయనకి చూడ్డం రాదు, అంతే. కాలేజీలో పాఠం చెప్పే మనిషికి వెనక బెంచీ ఎలా తెలుస్తుంది?

"నేను చూశాను" అన్నారు అత్తగారు.

ఇద్దరం ఆమె వైపు తిరిగాం. ఆమె తల ఎత్తలేదు. ఈనె లాగి పళ్ళెం అంచున పెట్టారు.

"కారం వేసేముందు వాడి మొహం చూశావు. కిటికీ తెరిచేముందు నా మొహం చూశావు. పిల్లని లేపనా వద్దా అని మళ్ళీ వాడి మొహం చూశావు. పాలు ఎందుకు పొంగాయనుకున్నావ్? చూపు పొయ్యి మీద ఉంటేగా!"

"అమ్మా, అదేం లేదు..." అన్నారు మా ఆయన.

"నువ్వాగరా. నీకు పాలు తప్ప ఏం కనపడింది?" అని, మళ్ళీ నాతో, "నేనూ ఇంతే. మీ మామయ్యగారు పోయాక చానాళ్ళదాకా నాకు టీలో చక్కెర ఎంత కావాలో తెలిసేది కాదు. ఆయన ఎంత వేసుకుంటే అంతే వేసుకునేదాన్నిగా. పోనీ వేసుకుని చూద్దామన్నా చెయ్యాడేది కాదు." చిక్కుడుకాయ ఒకటి తుంపబోయి ఆగారు. "అలాగని నువ్వు తెల్లారకముందే బస్సులెక్కి తిరిగితే నాకు బాగుంటుందని కాదు. నా మందులు నేను వేసుకోలేను. చెప్తున్నా."

ఆ చివరి మాట వింటుంటే నవ్వొచ్చింది. అంత చెప్పీ ఆమె కొడుకు పక్షాన్నే ఉన్నారు. కానీ చూసింది చెప్పారు. సలహా లేకుండా, దాపరికం లేకుండా, మా పద్ధతి ఎవరో నేర్పినట్టు. నేను సింకు దగ్గర గుడ్డ పిండుతూ నిలబడ్డాను. గుట్ట మీది పిల్ల నా పక్కనే ఉన్నట్టుంది. వేలు నడుస్తోంది, పెదాలు కదులుతున్నాయి, గొంతు వినబడుతోంది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ ఇంట్లో నా నవ్వు, నా సరే, నా చూద్దాం లెండి, అన్నీ ఎవరి పెదాల మీంచో అందుకున్నవే. నాకు ఆ పిల్ల మొదటిరోజే ఎందుకు పట్టుబడిందా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ విద్యలో నేను ఎంత ఆరితేరినదాన్నో వాళ్ళకేం తెలుసు. పిల్ల నిన్న ఒక్కతే ఒక వాక్యం చదివింది, తప్పో ఒప్పో. నాకా పిల్ల మీద మొదటిసారి అసూయ కలిగింది.

అమ్మాయి నిద్రమొహంతో వచ్చి గుమ్మంలో నిలబడి, అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఎప్పుడు నవ్వాలో వెతుక్కుంటోంది. అది చూశాక ఇంక ఆగలేకపోయాను.

ఎవరి మొహమూ చూడలేదు. పొయ్యి మీద అన్నం వైపు చూస్తూ చెప్పాను.

"రేపు మీటింగులో నా పేరే ఇస్తున్నాను. హెడ్మాస్టరు గారి పేరు కాదు. వారానికి రెండు రోజులు మొదటి బస్సుకి వెళ్తాను. ముందురోజు వండి పెట్టి వెళ్ళను. ఆ రెండు రోజులూ పొద్దున వంట, క్యారేజీలు, అత్తయ్యగారి మందులు మీవి."

తడబడలేదు. ఎక్కడో ఒక మాట అటూ ఇటూ అయి ఉంటుంది, అయినా ఒక్కదాన్నే చదివినట్టు చదివేశాను. అప్పుడు వెనక్కి తిరిగి స్టూలు వైపు చూశాను. మా ఆయన నా మొహం చూడలేదు. ముందు వాళ్ళమ్మ వైపు చూశారు. ఆమె చిక్కుడుకాయల మీంచి తల ఎత్తలేదు. అమ్మాయి వైపు చూశారు. అది అప్పటికే ఎవరి కోసమూ ఆగకుండా నా వైపు చూసి నవ్వేసింది. ఇంక చూడ్డానికి ఎవరూ లేక నా వైపు తిరిగారు.

"సరే" అన్నారు. పెదాలు కదిలాయి, గొంతు వినబడింది, అర క్షణం వెనకగా.